చెరువుకు నీరుగంటి, బ్యాటరీకి కంట్రోలర్



మాది అనంతపురం జిల్లా. మా ఊళ్ళో సాయంత్రం తరగతికి ఒక అత్త వస్తుంది. ఆమె ఇల్లు ఊరికి దూరంగా చీనీ తోటలో ఉంది. తోట దాకా కరెంటు స్తంభాలు లేవు. రాత్రయితే చీకటి. పాములు, తేళ్ళ భయం. అందుకని అత్త పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. సోలార్ ప్లేటు కొనింది. బ్యాటరీ కొనింది. మూడు బల్బులు, ఒక చిన్న ఫ్యాను పెట్టించుకుంది.

మొదట్లో అంతా బాగుంది. రాత్రిపూట ఇంట్లో వెలుగు. అత్త పలక ముందర పెట్టుకుని ఇంటి దగ్గర కూడా చదివేది.

పది నెలలు గడిచాయి. ఒకరోజు అత్త తరగతికి వచ్చి దిగులుగా కూర్చుంది.

"ఏమైంది అత్తా?" అన్నాను.

"బ్యాటరీ చచ్చిపోయింది పాపా. సాయంత్రం దీపం వేస్తే అర గంటకే ఆరిపోతా ఉంది. బ్యాటరీకే ఐదు వేలు పోసినాను. సంఘం అప్పు ఇంకా సగం కూడా తీరలేదు" అనింది.

నేను, ఇంకో ఇద్దరు అక్కలు తోటకు వెళ్ళి చూశాం. ప్లేటు బాగానే ఉంది. బల్బులు బాగానే ఉన్నాయి. కానీ ప్లేటు నుంచి వచ్చిన వైర్లు నేరుగా బ్యాటరీకి కలిపి ఉన్నాయి. మధ్యలో ఉండాల్సిన చిన్న పెట్టె లేదు.

"పెట్టె ఏది అత్తా?" అని అడిగాను.

"పెట్టె ఎందుకు దండగ, లేకపోయినా నడుస్తుంది అన్నాడు బిగించినాయన. డబ్బు మిగులుతుంది కదా అని నేనూ సరే అన్నా."

కొన్ని వందల రూపాయలు మిగిలాయి. ఐదు వేల బ్యాటరీ పోయింది.

ఆ చిన్న పెట్టె పేరు ఛార్జ్ కంట్రోలర్. అది ఏం పని చేస్తుంది? ఎట్లాంటిది కొనాలి? ఎక్కువ ఖర్చు పెట్టకుండా మంచిది ఎట్లా ఎంచుకోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

బ్యాటరీ ఎందుకు చచ్చిపోయింది?

మన ఊరి చెరువును తలుచుకోండి. వానకు చెరువు నిండుతుంది. నిండిన తరువాత కూడా నీళ్ళు వస్తూనే ఉంటే ఏమవుతుంది? మరవ పారాలి. కొన్ని ఊళ్ళలో దీన్ని అలుగు అంటారు. మరవ లేకపోతే కట్ట తెగుతుంది.

ఇంకో సంగతి. తూము తెరిచి పెట్టి వదిలేస్తే ఏమవుతుంది? చెరువు అడుగంటుతుంది. చేపలు చస్తాయి. పశువులకు నీళ్ళు ఉండవు.

అందుకే వెనకట చెరువు మీద నీరుగంటి ఉండేవాడు. ఎప్పుడు తూము తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసేవాడు.

బ్యాటరీ కూడా చెరువు లాంటిదే. పగలు ప్లేటు నుంచి కరెంటు వచ్చి నిండుతుంది. రాత్రి బల్బులు, ఫ్యాను దాన్ని వాడుకుంటాయి. ఈ చెరువుకు నీరుగంటి ఎవరు? కంట్రోలర్ పెట్టె.

అత్త ఇంట్లో నీరుగంటి లేడు. అందుకే రెండు తప్పులు జరిగాయి.

మొదటి తప్పు. బ్యాటరీ నిండినా ప్లేటు కరెంటు తోస్తూనే ఉంది. "12 వోల్టుల ప్లేటు" అని పేరే గాని, ఏ బరువూ లేనప్పుడు ఎండలో అది 21 వోల్టుల దాకా ఇస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి 14 దాటి 15 వైపు పోతే అది ఎక్కువే. లోపల నీళ్ళు బుడగలు బుడగలుగా ఉడుకుతాయి. నీళ్ళు తగ్గిపోతాయి. లోపల ఉన్న సీసం రేకులు గాలికి తేలి పాడవుతాయి.

రెండో తప్పు. రాత్రి బ్యాటరీ పూర్తిగా అడుగంటే దాకా బల్బులు, ఫ్యాను నడిచాయి. ఇట్లా రోజూ అడుగంటితే సీసం రేకుల మీద గట్టి తెల్లని పొర కడుతుంది. ఆ తరువాత బ్యాటరీ ఎంత ఎండలో పెట్టినా నిండదు.

బిడ్డకు కడుపు పగిలేట్టు పెట్టినా రోగమే. పస్తు పెట్టినా రోగమే. బ్యాటరీ కూడా అంతే.

కంట్రోలర్ చేసే పనులు

కంట్రోలర్ ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది.

ఒకటి: బ్యాటరీ నిండగానే ప్లేటు నుంచి వచ్చే కరెంటును తగ్గిస్తుంది. మామూలు సీసం బ్యాటరీకి 14 వోల్టులు దాటి 14.4 దగ్గరికి రాగానే అదుపు చేస్తుంది. తరువాత 13.6, 13.8 వోల్టుల దగ్గర నిలబెట్టి కాపాడుతుంది.

రెండు: బ్యాటరీ బాగా తగ్గిపోతే బల్బులను, ఫ్యానును ఆపేస్తుంది. చాలా పెట్టెలు 11 వోల్టుల దగ్గర ఈ పని చేస్తాయి. మళ్ళీ పగలు బ్యాటరీ కొంత నిండాకే తిరిగి ఇస్తుంది.

మూడు: రాత్రిపూట బ్యాటరీలోని కరెంటు వెనక్కి ప్లేటులోకి పోకుండా ఆపుతుంది.

ఒక సంగతి మరవకండి. కంట్రోలర్ కరెంటు పుట్టించదు. కరెంటు పుట్టించేది ఎండ, ప్లేటు. కంట్రోలర్ కాపలా మాత్రమే కాస్తుంది. "ఈ పెట్టె పెడితే కరెంటు రెట్టింపు అవుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మూడు అక్షరాలు నేర్చుకుందాం

ప్లేటు వెనకాల, పెట్టె మీద, బ్యాటరీ మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అంకెలు మనకు వచ్చు. అక్షరాలు మూడు గుర్తు పట్టగలిగితే చాలు.

వి: కింద మొన, పైన తెరిచి ఉంటుంది. నూనె పోసే గరాటు లాగా. ఇది వోల్టుల గుర్తు. వోల్టు అంటే తోపు. నీళ్ళు ఎంత ఎత్తు నుంచి దూకితే అంత జోరు కదా, అట్లా.

ఏ: గుడిసె లాగా ఉంటుంది. మధ్యలో ఒక అడ్డకర్ర. ఇది ఆంప్స్ గుర్తు. ఆంప్స్ అంటే కాలువలో ఎంత నీరు పారుతోందో, అట్లా ఎంత కరెంటు పారుతోందో చెప్పే లెక్క.

డబ్ల్యూ: రెండు గరాట్లు పక్కపక్కనే అంటించినట్టు ఉంటుంది. ఇది వాట్ల గుర్తు. తోపు, పారుదల రెండూ కలిస్తే వచ్చే బలం ఇది. వోల్టులను ఆంప్స్‌తో గుణిస్తే వాట్లు.

పెట్టె మీద 12 పక్కన గరాటు ఉంటే అది 12 వోల్టుల పెట్టె. 10 పక్కన గుడిసె ఉంటే అది 10 ఆంప్స్ పెట్టె. ఇది చదవగలిగితే అంగడాయన ముందు మనం సగం గెలిచినట్టే.

ఎన్ని ఆంప్స్ పెట్టె కావాలి?

అత్త ప్లేటు వెనకాల ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద 75 పక్కన రెండు గరాట్లు. అంటే 75 వాట్ల ప్లేటు.

కింద ఇంకో వరస చదివాం. అక్కడ ఐ ఎస్ సి అనే అక్షరాలు ఉంటాయి. మొదట నిలువు గీత. పక్కన చిన్న పాము వంపు. ఆ పక్కన నెలవంక. ఈ వరసలో ఉన్న అంకె చాలా ముఖ్యం. ప్లేటు ఎంత ఎక్కువ కరెంటు ఇవ్వగలదో అది చెబుతుంది. అత్త ప్లేటుకు 4.5 అని ఉంది. పక్కన గుడిసె. అంటే నాలుగున్నర ఆంప్స్.

దీనికి పావు భాగం కలపాలి. ఎందుకంటే కొన్నిసార్లు మబ్బు అంచు నుంచి ఎండ ఒక్కసారిగా కొడుతుంది. అప్పుడు ప్లేటు చెప్పిన దానికన్నా ఎక్కువ ఇస్తుంది. పెట్టె ఆ పోటు తట్టుకోవాలి.

నాలుగున్నరలో పావు భాగం అంటే ఒకటికి కొంచెం పైన. రెండూ కలిపితే ఐదున్నర దాటుతుంది. కాబట్టి 5 ఆంప్స్ పెట్టె చాలదు. 6 ఆంప్స్ పెట్టె అంచున సరిపోతుంది. 10 ఆంప్స్ పెట్టె నిమ్మళంగా పని చేస్తుంది.

ఇప్పుడు బల్బుల వైపు లెక్క. అత్త ఇంట్లో 5 వాట్ల బల్బులు మూడు. అంటే 15 వాట్లు. ఫ్యాను 24 వాట్లు. మొత్తం 39 వాట్లు. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే మూడుకు కొంచెం పైన. అంటే మూడు ఆంప్స్ చిల్లర. 10 ఆంప్స్ పెట్టెకు ఇది తేలిక.

కాబట్టి అత్తకు 10 ఆంప్స్ పెట్టె చాలు. 30 ఆంప్స్ పెట్టె కొంటే నష్టం ఏమీ జరగదు గాని డబ్బు ఊరికే పోతుంది.

అయితే ముందుచూపు కావాలి. వచ్చే ఏడాది ఇంకో 75 వాట్ల ప్లేటు పక్కన కలపాలని ఉందా? అప్పుడు రెండు ప్లేట్లకు 9 ఆంప్స్. పావు భాగం కలిపితే 11 దాటుతుంది. 10 ఆంప్స్ పెట్టె చాలదు. 20 ఆంప్స్‌ది కావాలి. కొనే ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

రెండు రకాల పెట్టెలు

అంగట్లో రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి పీడబ్ల్యూఎం. రెండోది ఎంపీపీటీ. పేర్లు విని భయపడకండి.

పీడబ్ల్యూఎం పెట్టె చౌక. 10 ఆంప్స్‌ది వందల రూపాయల్లో దొరుకుతుంది. ఇది ప్లేటును బ్యాటరీకి కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. చాలా వేగంగా తూము తెరుస్తూ మూస్తూ ఉన్నట్టు. బ్యాటరీ నిండే కొద్దీ తెరిచే సమయం తగ్గిస్తుంది.

ఎంపీపీటీ పెట్టె ఖరీదు. మంచిది వేల రూపాయల్లో ఉంటుంది. ప్లేటు ఎక్కువ వోల్టులు ఇస్తే, ఆ ఎక్కువను వృథా కానీయకుండా ఆంప్స్‌గా మార్చి బ్యాటరీకి ఇస్తుంది.

మరి మనకు ఏది కావాలి?

మన ప్లేటు చిన్నది, 12 వోల్టులది అయితే పీడబ్ల్యూఎం చాలు. 40 వాట్లు, 75 వాట్లు, 100 వాట్ల ప్లేట్లు మామూలుగా ఈ రకమే. ఇక్కడ ఇంకో కారణం కూడా ఉంది. ప్లేటు ఎంత వేడెక్కితే దాని వోల్టులు అంత తగ్గుతాయి. మన వైపు ఎండకు ప్లేటు కాలిపోతూ ఉంటుంది. అప్పుడు ప్లేటు వోల్టులకూ బ్యాటరీ వోల్టులకూ తేడా పెద్దగా ఉండదు. ఎంపీపీటీ వచ్చి మార్చి ఇవ్వడానికి మిగిలేది కొంచెమే. ఆ కొంచెం కోసం వేలు పోయడం దండగ. ఆ డబ్బు మంచి బ్యాటరీ మీద పెట్టండి.

ఎంపీపీటీ ఎప్పుడు కావాలి? పెద్ద ప్లేటు ఉన్నప్పుడు. ఈ రోజుల్లో 300 వాట్లు దాటిన పెద్ద ప్లేట్లు చౌకగా దొరుకుతున్నాయి. వాటి వోల్టులు 30 దాటి ఉంటాయి. అట్లాంటి ప్లేటును 12 వోల్టుల బ్యాటరీకి పీడబ్ల్యూఎం పెట్టెతో కలిపితే సగానికి పైగా కరెంటు వృథా. అంతేకాదు, అన్ని వోల్టులు తట్టుకోలేక చిన్న పెట్టె కాలిపోవచ్చు కూడా. అక్కడ ఎంపీపీటీ పెట్టెకు పెట్టిన డబ్బు దండగ కాదు.

నేను మోసపోయిన సంగతి

ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ చెప్పాలి.

నేను టీచర్ ట్రైనింగ్ చదివాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు వచ్చు. మా తరగతి నడిచే గదికి దీపం పెట్టేటప్పుడు కంట్రోలర్ నేనే కొన్నాను. పెట్టె మీద ఎంపీపీటీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ధర మాత్రం చాలా తక్కువ. "ఇంత చౌకగా ఇంత మంచిది దొరికింది" అని సంబరపడ్డాను.

ఇంటికి తెచ్చాక అత్త దాన్ని చేతిలో పెట్టుకుని ఊపి చూసింది.

"ఇది మరీ తేలిగ్గా ఉంది పాపా. లోపల ఏమైనా ఉందా?" అనింది.

తరువాత ఒక మెకానిక్ అన్న మరలు విప్పి చూపించాడు. ఎంపీపీటీ పెట్టెలో రాగి తీగ చుట్టిన పెద్ద చుట్ట ఉంటుందట. అందుకే అది బరువుగా ఉంటుందట. నేను కొన్న దాంట్లో ఆ చుట్టే లేదు. మామూలు పీడబ్ల్యూఎం పెట్టె మీద ఎంపీపీటీ అని అచ్చు వేశారు, అంతే.

చదవడం వచ్చినంత మాత్రాన చాలదు. చదివిన దాన్ని ప్రశ్నించడం కూడా రావాలి. ఆ పాఠం నాకు అత్త నేర్పింది.

అంగట్లో ఏం అడగాలి?

అత్త, నేను కలిసి టవునుకు వెళ్ళాం. ఈసారి నేను మాట్లాడలేదు. అత్తే మాట్లాడింది. తరగతిలో రాసుకున్న చీటీ చేతిలో పట్టుకుంది.

అంగడాయన ఖరీదైన పెట్టె తీసి ముందర పెట్టాడు. "ఇది తీసుకోమ్మా, పెద్దది" అన్నాడు.

"నాది 75 వాట్ల ప్లేటు. 12 వోల్టులది. నాకు 10 ఆంప్స్ పీడబ్ల్యూఎం చాలు. అది చూపించప్పా" అనింది అత్త.

ఆయన ఒక్క నిమిషం ఆమెను చూశాడు. తరువాత చిన్న పెట్టెలు నాలుగు రకాలు తీసి పెట్టాడు.

అత్త చీటీలోని ప్రశ్నలు ఇవి.

1. ఇది 12 వోల్టులకు పని చేస్తుందా?

2. ఎన్ని ఆంప్స్? ప్లేటు వైపు ఎంత? బల్బుల వైపు ఎంత?

3. బ్యాటరీ నిండితే ఆపుతుందా? తగ్గిపోతే బల్బులు ఆపుతుందా? రెండూ ఉండాలి. కొన్ని చౌక పెట్టెలు మొదటి పని మాత్రమే చేస్తాయి.

4. నా బ్యాటరీ రకానికి ఇది సరిపోతుందా?

5. వైర్లు తారుమారుగా కలిపితే కాలిపోతుందా, తట్టుకుంటుందా?

6. ఎన్ని రోజుల గ్యారంటీ? తేదీ వేసి, ముద్ర కొట్టి ఇస్తావా? బిల్లు ఇస్తావా?

7. ఫోను ఛార్జింగు పెట్టుకునే చోటు ఉందా? ఉంటే మంచిదే. లేకపోయినా ఫరవాలేదు.

ఒక పెట్టెకు ధర చాలా తక్కువ. కానీ బిల్లు ఇవ్వనన్నాడు. అత్త దాన్ని పక్కన పెట్టింది. ఇంకోదానికి వందో రెండు వందలో ఎక్కువ. బిల్లు, గ్యారంటీ కార్డు ఇస్తానన్నాడు. వైర్లు బిగించే మరలు గట్టిగా ఉన్నాయి. వోల్టుల అంకె కనబడే చిన్న తెర ఉంది. అత్త దాన్నే తీసుకుంది.

అన్నిటికన్నా చౌకది మనకు చవక కాదు. అన్నిటికన్నా ఖరీదైంది మనకు మంచిది కాదు. మన అవసరానికి సరిపోయేదే మంచిది.

బ్యాటరీ ఏ రకం?

నీళ్ళు పోసే బ్యాటరీ ఒక రకం. నీళ్ళు పోయనక్కర లేని మూత బ్యాటరీ ఇంకో రకం. రెండూ సీసం బ్యాటరీలే. మూడోది లిథియం బ్యాటరీ. తేలికగా ఉంటుంది. ధర ఎక్కువ.

లిథియం బ్యాటరీని నింపే పద్ధతి వేరు. సీసం బ్యాటరీ కోసం చేసిన పెట్టెను దానికి పెట్టకూడదు. కొన్ని పెట్టెల్లో బ్యాటరీ రకం మార్చుకునే మీట ఉంటుంది. అంగడాయన చేతనే ఆ మీట సరిచేయించుకుని రండి. ఇంటికి వచ్చాక పిల్లలు నొక్కకుండా చూడండి.

బిగించేటప్పుడు జాగ్రత్తలు

పెట్టె మీద మూడు జతల చోట్లు ఉంటాయి. ప్లేటుకు ఒక జత. బ్యాటరీకి ఒక జత. బల్బులకు ఒక జత. పక్కనే చిన్న బొమ్మలు ఉంటాయి. కూడిక గుర్తు, తీసివేత గుర్తు కూడా ఉంటాయి. తరగతిలో కూడికలు, తీసివేతలు చేశాం కదా. ఆ గుర్తులే ఇవి. కూడిక గుర్తుకు ఎర్ర వైరు. తీసివేత గుర్తుకు నల్ల వైరు.

వరస తప్పకూడదు. మొదట బ్యాటరీ కలపాలి. తరువాత ప్లేటు. చివరికి బల్బులు. విప్పేటప్పుడు దీనికి తలకిందులు. మొదట బల్బులు. తరువాత ప్లేటు. చివరికి బ్యాటరీ. బ్యాటరీ లేకుండా ప్లేటు ఒక్కటే కలిపితే పెట్టె పాడు కావచ్చు.

బ్యాటరీ దగ్గర కూడిక వైరుకు ఒక ఫ్యూజు పెట్టించండి. వైర్లు ఒకదానికొకటి తగిలితే మంట లేవకుండా అది ఆపుతుంది.

పెట్టెను గోడకు, నీడలో, గాలి తగిలే చోట బిగించండి. బ్యాటరీకి దగ్గరగా ఉండాలి గాని సరిగ్గా దాని మీద ఉండకూడదు. బ్యాటరీ నుంచి ఘాటు ఆవిరి వస్తుంది. అది పెట్టెను తినేస్తుంది. ఆ ఆవిరిలో మంట అంటుకునే గాలి కూడా ఉంటుంది. కాబట్టి బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల, దీపం వద్దు. బ్యాటరీ ఉన్న గదికి గాలి ఆడాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని పెట్టెలో బల్బుల చోట కలపకండి. ఇన్వర్టర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. పెట్టె కాలిపోతుంది. ఇన్వర్టర్‌ను ఫ్యూజు పెట్టి బ్యాటరీకే కలపాలి.

పెట్టె బల్బులు ఆపేస్తే?

కొత్త పెట్టె పెట్టిన పది రోజులకు ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేదు. మూడో రాత్రి ఎనిమిది గంటలకే బల్బులు ఆరిపోయాయి.

అత్త కొడుకు పెట్టెను తిట్టాడు. "ఈ పెట్టె వల్లనే ఆరిపోయింది. వైరు తీసి బ్యాటరీకి నేరుగా పెడతా. మ్యాచి చూడాల" అన్నాడు.

అత్త ఒప్పుకోలేదు. "పెట్టె చెడిపోలేదురా. చెరువులో నీళ్ళు లేవని చెబుతా ఉంది. ఈ పూట నేరుగా పెడితే మళ్ళీ ఐదు వేలు ఎవరిస్తారు?" అనింది.

ఆ రాత్రి కిరసనాయిలు బుడ్డి వెలిగించుకున్నారు. నాలుగో రోజు ఎండ వచ్చింది. సాయంత్రానికి పెట్టె తనంతట తానే బల్బులకు కరెంటు ఇచ్చింది.

చాలా ఇళ్ళలో బ్యాటరీలు చెడిపోయేది ఇక్కడే. పెట్టె ఆపేస్తుంది. మనం దొడ్డిదారిన వైరు లాగుతాం. నీరుగంటి తూము మూస్తే కట్టకు గండి కొట్టినట్టు. అట్లా చేయకండి. ముసురు రోజుల్లో ఫ్యాను ఆపేయండి. ఒక్క బల్బే వేసుకోండి.

పెట్టె తరచుగా, ఎండ బాగా ఉన్న రోజుల్లో కూడా ఆపేస్తుంటే? అప్పుడు ప్లేటు మీద దుమ్ము ఉందేమో చూడండి. చెట్టు నీడ పడుతోందేమో చూడండి. వైర్లు వదులయ్యాయేమో చూడండి. నీళ్ళు పోసే బ్యాటరీ అయితే నీళ్ళ మట్టం చూడండి. బ్యాటరీ నీళ్ళే పోయాలి. బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు పోయకూడదు.

మిద్దె మీద పెద్ద ప్లేట్లకు కూడా పెట్టె కావాలా?

ఒక అక్క ఈ ప్రశ్న అడిగింది. మంచి ప్రశ్న. కరెంటు లైను ఉన్న ఇళ్ళకు 2024లో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. అందులో మిద్దె మీద ప్లేట్లు పెట్టి కరెంటు లైనుకే కలుపుతారు. అక్కడ మామూలుగా బ్యాటరీ ఉండదు. బ్యాటరీ లేని చోట ఈ కాపలా పెట్టె పని లేదు. మనం చెప్పుకున్నది బ్యాటరీ పెట్టుకునే చిన్న సోలార్ దీపాల సంగతి.

ఇది ఆడవాళ్ళ పని కాదా?

"ఇవన్నీ మనకెందుకు? మగవాళ్ళు చూసుకుంటారులే" అని కొందరు అంటారు.

రాజస్థాన్‌లో అజ్మీర్ జిల్లాలో తిలోనియా అనే ఊరు ఉంది. అక్కడ 1972లో బంకర్ రాయ్ అనే ఆయన ఒక సంస్థ పెట్టాడు. దాన్ని బేర్‌ఫుట్ కాలేజీ అంటారు. అంటే చెప్పులు లేని కాళ్ళ వాళ్ళ కాలేజీ. పల్లెటూరి ఆడవాళ్ళకు అక్కడ సోలార్ పని నేర్పారు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. కొందరు మనవలు, మనవరాళ్ళు ఉన్న అవ్వలు. ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చి ఆరు నెలలు ఉండి నేర్చుకున్నారు. ఒకరి భాష ఒకరికి తెలియదు. రంగులు చూసి, సైగలు చూసి నేర్చుకున్నారు. ఈ పాఠంలో మనం చెప్పుకున్న కంట్రోలర్ పెట్టెను వాళ్ళు తమ చేతులతో తయారు చేశారు. తిరిగి వెళ్ళి తమ ఊళ్ళలో దీపాలు పెట్టారు.

అక్షరం రాని అవ్వలు పెట్టెను తయారు చేశారు. అక్షరాలు నేర్చుకున్న మనం పెట్టెను ఎంచుకుని కొనలేమా?

గుర్తు పెట్టుకుందాం

ప్లేటుకు, బ్యాటరీకి మధ్య కంట్రోలర్ తప్పకుండా ఉండాలి.

ప్లేటు వెనక ఐ ఎస్ సి అంకె చదవాలి. దానికి పావు భాగం కలపాలి. అంతకన్నా పెద్ద ఆంప్స్ ఉన్న పెట్టె కొనాలి.

చిన్న 12 వోల్టుల ప్లేటుకు పీడబ్ల్యూఎం చాలు.

నిండితే ఆపడం, తగ్గితే ఆపడం రెండూ చేసే పెట్టె కొనాలి.

బిల్లు, గ్యారంటీ కార్డు లేకుండా కొనకూడదు.

పెట్టె బల్బులు ఆపితే దొడ్డిదారిన వైరు లాగకూడదు.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. అత్త మొదటి బ్యాటరీ ఎందుకు పాడైంది? రెండు కారణాలు చెప్పండి.

2. ఒక ప్లేటు వెనక ఐ ఎస్ సి దగ్గర 6 ఆంప్స్ అని ఉంది. పావు భాగం కలిపితే ఎంత? ఏ పెట్టె కొంటారు: 6 ఆంప్స్‌దా, 10 ఆంప్స్‌దా?

3. బిగించేటప్పుడు మొదట ఏది కలపాలి? విప్పేటప్పుడు మొదట ఏది తీయాలి?

4. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ సోలార్ ప్లేటు ఉంటే దాని వెనకాల కాగితం చదివి, అంకెలు మీ నోటు పుస్తకంలో రాసుకుని రండి.

అత్త అప్పు ఇంకా తీరుతూనే ఉంది. కానీ ఈసారి బ్యాటరీకి కాపలా ఉంది. తోటలో రోజూ రాత్రి దీపం వెలుగుతోంది. ఆ దీపం కింద కూర్చుని ఈ పాఠం మొదటిసారి గట్టిగా చదివింది అత్తే. మీరు కూడా చదవండి. చదవడం రాని పక్కింటి వాళ్ళకు చదివి వినిపించండి.